ఎడమ వరుస సీసాలు

పెద్దక్కకు తలనొప్పి వచ్చిన రోజు ఆ సీసాల ఫ్యాక్టరీలో అందరికీ తెలిసిపోయేది, కానీ తెలిసినట్టు ఎవరూ బయటపడేవారు కాదు. ఆ రోజు ఆవిడ మాట సగానికి సగం తగ్గిపోతుంది. బల్లల మధ్య నడిచేటప్పుడు చేయి గోడను రాసుకుంటూ పోతుంది. మధ్యలో ఒకసారి బాత్రూమ్‌లోకి వెళ్లి, మొహం కడుక్కుని, చెంగుతో తుడుచుకుని మళ్లీ వచ్చి నిలబడుతుంది. అంతేగానీ ఒక్క పూట సెలవు పెట్టిన పాపాన పోలేదు. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ల నుంచీ ఆ పరీక్ష విభాగానికి ఆవిడే సూపర్‌వైజర్. మేనేజరు దగ్గర నుంచి గేటు కాపలావాడి దాకా అందరూ పెద్దక్క అనే పిలుస్తారు.

పరీక్ష హాల్లో కావాలనే కిటికీలు మూసి చీకటి చేస్తారు. ఆరు బల్లలు. ప్రతి బల్లకూ ఎదురుగా తెల్లగా వెలిగే తెర. మందు సీసాలు బెల్టు మీద రెండు వరుసలుగా ఆ వెలుగుకు అడ్డంగా వస్తుంటాయి. వెలుగులో పడితే గాజు ఏదీ దాచుకోలేదు. అడుగున బుడగ, పక్కన ఇసుక రేణువు, మెడ దగ్గర వెంట్రుక మందాన బీట, అన్నీ బయటపడతాయి. మనిషి కూర్చున్న చోటికి వచ్చేసరికి ఒక వరుస ఎడమకూ, ఒక వరుస కుడికీ చీలి ముందుకు పోతాయి. ఎడమ వరుసలో చెడ్డ సీసా కనిపిస్తే ఎడమ చేత్తో, కుడి వరుసలో అయితే కుడి చేత్తో మెడ పట్టి లాగి తొట్టిలో పడేయాలి. తల తిప్పకూడదు. తిప్పితే ఒక సీసా తప్పిపోతుంది. కళ్లే తిరగాలి. కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు మొదటి వారం కలలో కూడా సీసాలే కనిపిస్తాయని పెద్దక్క నవ్వుతూ చెప్పేది.

మూడో బల్ల చిలకది. చిలక అని పేరు పెట్టింది పెద్దక్కే. పెళ్లి కాకముందు పనిలో చేరినప్పుడు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, చూపు ఎలా నిలపాలో, వేళ్లు ఎలా వదులుగా ఉంచాలో నేర్పింది. చేతులు ఎంత చురుకో నోరూ అంత చురుకు. సినిమా కథలు, ఇంటి పక్కవాళ్ల గొడవలు, మొగుడు రంగులు కలపబోయి చొక్కా ముంచుకున్న సంగతి, ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. చూపు మాత్రం తెర మీద నుంచి జారేది కాదు.

"నీ కబుర్లు విని ఈ సీసాలు మందు పోయకముందే మూత పెట్టమంటాయే," అనేది పెద్దక్క. చిలక ముప్పై దాటి, ఒక ఆడపిల్లకు తల్లయినా ఆ మాట మారలేదు.

ఆ సోమవారం చిలక కబుర్లు మధ్యలో ఆగిపోయాయి. పెద్దక్క రెండో బల్ల దగ్గర ఉండగానే ఆ నిశ్శబ్దం చెవిన పడింది.

"పెద్దక్కా, మళ్లీ గీతలు వస్తున్నాయి."

"ఎటు పక్క?"

"ముందు మధ్యలో చుక్కలా మొదలైంది. ఇప్పుడు కుడి పక్కకి పాకుతోంది. రంపం పళ్లలా మెరుస్తున్నాయి."

"ఇంకో పావుగంట. పోతాయిలే."

"పోయాక నొప్పి మొదలవుతుందిగా. ఇవాళ ఇంటికి పోనా? కడుపులో తిప్పుతోంది."

"ఇంటికి పోయి ఏం చేస్తావ్? పడుకుంటావ్. పడుకున్నా నొప్పే, కూర్చున్నా నొప్పే." పెద్దక్క గొంతు తగ్గించింది. "నాకు రావట్లేదుటే? నీ వయసు నుంచీ వస్తున్నాయి. అవే గీతలు, అదే నొప్పి. నేనేమైనా చచ్చిపోయానా? మాత్ర వేసుకో, కాసేపు కళ్లు మూసుకో. నీ బల్ల నేను చూస్తా."

నిజంగానే చూసింది. చిలక గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నంత సేపూ పెద్దక్క మూడో బల్ల ముందు కూర్చుని రెండు చేతులా సీసాలు ఏరింది. తర్వాత చిలక లేచి వెళ్లి కక్కుకుని, పాలిపోయిన మొహంతో వచ్చి మళ్లీ తన చోట కూర్చుంది. సాయంత్రం దాకా నెట్టుకొచ్చింది. వెళ్లేటప్పుడు పెద్దక్క ఆ పిల్ల వీపు తట్టింది.

"చూశావా? ఏమైంది? ఏమీ కాలేదు."

తన చేతి కింద తయారైన మనిషి అనుకుని లోలోపల మురిసింది కూడా.

మంగళవారం మేనేజరు ఒక సీసా పట్టుకొచ్చి పెద్దక్క ముందు పెట్టాడు. మందుల కంపెనీ వాళ్లు తిప్పి పంపిన సీసా. మెడ చుట్టూ సగం దాకా బీట.

"ఇది మన హాలు దాటి ఎలా వెళ్లిందో చెప్పండి పెద్దక్కా. మూత బిగించగానే మెడ ఊడి మెషీన్లో పడిందట. పసిపిల్లల మందు. అందులో గాజుముక్క పడి ఉంటే?"

పెద్దక్క సీసాను దీపానికి పెట్టి చూసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏ బల్ల నుంచి వెళ్లిందో చెప్పే వీలు లేదు. ఎవరిదైనా తప్పు తనదే.

"ఇకమీదట షిఫ్టు మధ్యలో ఎవరూ లేవరు," అంది. మేనేజరు అడగకుండానే అన్న మాట అది.

అన్నట్టే ఆ మర్నాడు హాల్లో ఆరుగురినీ నిలబెట్టి చెప్పింది. టీ బెల్లుకీ భోజనం బెల్లుకీ తప్ప బల్ల వదలకూడదు, ఒకరి బల్ల ఒకరు చూడటం కూడా కుదరదు. నాలుగో బల్ల దగ్గర కూర్చునే కళ్లజోడావిడ, పెద్దక్కతో పాటే చేరిన మనిషి, "బాత్రూమ్‌కి కూడా బెల్లు కొడతారా?" అంది. అందరూ నవ్వారు. పెద్దక్క నవ్వలేదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి టీ బెల్లు కొట్టారు. అందరూ టీ తాగి వచ్చి కూర్చున్నారు. బెల్టు కదిలింది. కాసేపటికి చిలక చేయెత్తింది.

"ఏమిటే?"

"ఇవాళ ఇంకోలా ఉంది పెద్దక్కా. నొప్పి లేదు. గీతలు కూడా లేవు. ఎడమ పక్క చూపు ఏదో తెర దించినట్టు పోయింది. ఒక్కసారిగా."

"గీతలు లేకుండా ఒక్కోసారి అంతే వస్తుంది. నాకూ అయింది అలా."

అది అబద్ధం కాదు. ఎన్నో ఏళ్ల కిందట ఒకసారి పెద్దక్కకు అలాగే అయింది, అరగంటలో సర్దుకుంది. ఆ ఒక్క అరగంట మీద ఆనుకుని ఆవిడ అంత గట్టిగా మాట్లాడింది.

"కాసేపు కళ్లు మూసుకోనా?"

పెద్దక్క చూపు మేనేజరు గది అద్దం మీదికి పోయింది. నిన్ననే ఆరుగురికీ చెప్పిన మాట. చెప్పిన మర్నాడే తన పిల్లకు మాత్రం వదిలేస్తే మిగతావాళ్లు ఏమంటారు?

"కూర్చునే ఉండు. అరగంటలో పోతుంది. నేను చెబుతున్నాగా."

"సరే," అంది చిలక. తెర వైపు తిరిగింది.

పదింటికి పెద్దక్క బల్లల చివర అట్టపెట్టెలు తెరిచి, మచ్చుకు కొన్ని సీసాలు తీసి చూసింది. మూడో బల్ల పెట్టెలో బుడగ సీసా కనిపించింది. ఇంకొకటి తీసింది, ఇసుక. మరొకటి. అన్నీ ఎడమ వరుసవే. కుడి వరుస పెట్టెలో మాత్రం ఒక్క చెడ్డ సీసా లేదు.

ఆ చెడ్డ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మూడో బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఏమిటే ఇది? ఇవి గుడ్డివాళ్లకైనా తెలుస్తాయి. నిన్నగాక మొన్న కంపెనీ వాళ్ల చేత తిట్లు తిన్నాం. ఎడమ వరుస ఎవరు చూస్తారనుకున్నావ్?"

చిలక తల కొంచెం ఎత్తి, పెద్దక్క ఉన్న వైపు కాకుండా కుడి పక్కకు చూస్తూ, "చూస్తున్నా పెద్దక్కా," అంది. మాట ముద్దగా వచ్చింది.

"నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"ఏం లేదు."

ఆ పిల్ల ఎడమచేయి ఒళ్లో పడి ఉంది. అరచేయి పైకి తిరిగి, వేళ్లు కొంచెం ముడుచుకుని ఉన్నాయి. పెద్దక్క ఆ చేతిని చూసింది. అది చేయి ఉండాల్సిన పద్ధతి కాదని ఆవిడ కళ్లకు తెలిసింది. ఇరవై ఏళ్లుగా చేతులను చూస్తూ బతికిన మనిషికి తెలియకపోవటం అంటూ ఉండదు. అయినా ఆ క్షణంలో ఆవిడకు కోపమే దారి చూపింది. అలక పూని ఒక చేయి ముడుచుకుని కూర్చుందనుకుంది. అనుకోవాలని అనుకుంది.

"సాయంత్రం మాట్లాడుకుందాం," అని సీసాలు తొట్టిలో విసిరి వెళ్లిపోయింది.

భోజనం బెల్లుకు కొంచెం ముందు మూడో బల్ల దగ్గర సీసాలు ఒకదాన్నొకటి గుద్దుకుని నేల మీద పడి పగిలిన చప్పుడు వినిపించింది. అందరికంటే ముందు కళ్లజోడావిడ లేచింది. చిలక స్టూలు మీద ఎడమ పక్కకు ఒరిగిపోతోంది. ఒరుగుతున్న సంగతి ఆ పిల్లకే తెలిసినట్టు లేదు. కుడి చేయి మాత్రం ఇంకా గాలిలో సీసా మెడ కోసం వెతుకుతోంది. మూతి ఒక పక్కకు జారింది.

"పెద్దక్కా! దీని మొహం చూడు, దీని మొహం!"

ఆసుపత్రికి ఫ్యాక్టరీ బండిలోనే తీసుకెళ్లారు. మేనేజరు ముందు కూర్చున్నాడు. వెనక పెద్దక్క ఒళ్లో చిలక తల. దారి పొడుగునా ఆ పిల్ల ఏదో చెబుతూనే ఉంది. చొక్కా అన్న మాట ఒక్కటే పెద్దక్కకు అర్థమైంది.

అత్యవసర విభాగంలో చిలకను చక్రాల మంచం మీదికి మార్చి, పరుగున లోపల తల ఫోటో తీసే గదిలోకి తోసుకుపోయారు. డాక్టరమ్మ ఒకావిడ, చిన్న వయసే, వేగంగా వచ్చింది.

"ఎవరు చూశారు మొదట? ఎప్పుడు మొదలైంది? చివరిసారి పూర్తి మామూలుగా ఎప్పుడుంది ఈ అమ్మాయి?"

మేనేజరు పెద్దక్క వైపు చూశాడు. పెద్దక్క నోరు తెరిచింది. ఎనిమిదింటికి అన్న మాట నాలుక మీదకు వచ్చింది. ఆ మాట వెంట చిలక ఎత్తిన చేయి, అరగంటలో పోతుందన్న తన మాట, ఒళ్లో పడి ఉన్న చేయి, విసిరిన సీసాలు, అన్నీ వరుస కట్టి వచ్చాయి.

"ఇప్పుడే," అంది. "భోజనం బెల్లుకు ముందు. ఒక గంట అయి ఉంటుంది."

"అంతకుముందు బాగానే ఉందా?"

"పని చేస్తూనే ఉందండీ."

డాక్టరమ్మ వెనక్కి తిరిగి, "గంటే అట. సిద్ధం చేయండి," అని లోపలికి కేకేసింది.

అప్పుడే చిలక భర్త వచ్చాడు. ఇళ్లకు రంగులు వేసే మనిషి. మోచేతుల దాకా తెల్ల సున్నం ఎండి ఉంది. పెద్దక్కను చూడగానే రెండు చేతులూ జోడించాడు.

"మీరు ఉన్నారు కాబట్టి సరిపోయింది పెద్దక్కగారూ. మీరు వెంటనే తీసుకొచ్చారట. లేకపోతే ఏమయ్యేదో."

పెద్దక్క ఆ చేతుల వైపు చూడలేక గోడ వైపు చూసింది.

తలుపు దగ్గర నర్సు ఒకామె సంతకం కోసం అతనికి వివరిస్తోంది. మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డం పడింది. దాన్ని కరిగించే మందు ఎక్కిస్తారు. మొదలై నాలుగున్నర గంటల లోపు అయితేనే ఎక్కిస్తారు. దాటిన తర్వాత ఎక్కిస్తే మెదడులో రక్తస్రావం జరిగి ప్రాణం మీదికి వస్తుంది. "గంటే అయిందంటున్నారు కాబట్టి భయం లేదు," అని కూడా అంది.

పెద్దక్క గోడ మీది గడియారం చూసింది. ఒంటిగంట కావస్తోంది. ఎనిమిది దాటిన దగ్గర నుంచి లెక్క కట్టుకుంది. కట్టుకున్న లెక్క తప్పేమోనని వేళ్ల మీద మళ్లీ కట్టుకుంది.

కాళ్లు వాటంతట అవే లేచాయి. "ఎక్కడికి?" అన్నాడు మేనేజరు. ఆవిడ వినిపించుకోలేదు. లోపలి తలుపు తోసింది. అక్కడ నిలబడ్డ మనిషి అడ్డుకోబోతే ఆయన చేతిని పక్కకు నెట్టింది.

"అమ్మా! డాక్టరమ్మా! ఆ మందు ఆపండి. నేను తప్పు చెప్పాను."

డాక్టరమ్మ తిరిగి చూసింది.

"ఇప్పుడు కాదు మొదలైంది. పొద్దున ఎనిమిది దాటగానే. చూపు పోయిందని నాతో చెప్పింది. ఎడమ పక్క కనపడట్లేదని చెప్పింది. పదింటికి మాట ముద్దగా ఉంది. చేయి ఒళ్లో పడి ఉంది. నేను చూశాను. చూసి కూడా తిట్టాను. పని చేయించాను."

డాక్టరమ్మ పెద్దక్కను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఆ చూపు మాత్రం ఆవిడ మొహం మీద ఒక్కసారి ఆగి, వెంటనే నర్సు వైపు తిరిగింది.

"మందు వద్దు. పెద్ద నాళమే మూసుకుంది, ఫోటోలో కనిపిస్తోంది. తీగ పంపి గడ్డ బయటికి లాగే వాళ్లని పిలవండి. త్వరగా."

బయటికి వచ్చేసరికి చిలక భర్త తలుపు అవతలే ఉన్నాడు. అంతా విన్నాడు. జోడించిన చేతులు ఎప్పుడో విడిపోయాయి. అతను పక్కకు జరిగి పెద్దక్కకు దారి ఇచ్చాడు. తన ఒంటికి ఆవిడ ఒళ్లు తగలకూడదన్నట్టు జరిగాడు.

ఫ్యాక్టరీ బండిలోనే ఇద్దరూ తిరిగి బయల్దేరారు. మేనేజరు, "ఆ పిల్ల మీకు పొద్దున చెప్పిన సంగతి నాతో అనలేదేం?" అన్నాడు.

"మీతో అంటే పంపించేవారా?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి పెద్దక్క తలలో నొప్పి మొదలైంది. చెప్పకుండానే ఆవిడ భర్తకు తెలిసిపోయింది. బస్సు నడిపి రిటైరైన మనిషి, గట్టిగా మాట్లాడటం అలవాటు. అయినా భార్యకు నొప్పి వచ్చిన రోజు రేడియో కట్టేసి, కర్టెన్లు లాగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇల్లంతా పిల్లిలా తిరుగుతాడు. ఆ రోజూ అలాగే తడిగుడ్డ మడిచి నుదుటి మీద వేశాడు.

"ఆ అమ్మాయి ఎలా ఉంది?" అని గుసగుసగా అడిగాడు.

"గడ్డ తీశారట. బతుకుతుందన్నారు. ఎడమ చేయి సంగతి ఇప్పుడే చెప్పలేరట."

"పోనీలే. బతికింది." కాస్త ఆగి, "వెలుతురు ఇంకా తగ్గించనా?" అన్నాడు.

పెద్దక్క నుదుటి మీది గుడ్డ తీసి పక్కన పెట్టింది. లేచి కర్టెన్ పక్కకు లాగింది. సాయంత్రపు ఎండ తిన్నగా వచ్చి కళ్లలో పొడిచింది.

"ఏమిటిది? పిచ్చా?" అన్నాడు భర్త, గుసగుస మరిచిపోయి.

"ఇన్నేళ్లూ నాకోసం చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగావు. ఆ పిల్ల కాసేపు కళ్లు మూసుకోనా అని అడిగింది, అంతే," అంది. ఆయన వచ్చి కర్టెన్ మూసి, భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు.

మర్నాడు హాల్లో మూడో బల్ల తెర ఆర్పి ఉంది. మిగతా ఐదుగురూ తలలు తిప్పకుండా పని చేస్తున్నారు. టీ బెల్లు కొట్టినప్పుడు కళ్లజోడావిడ గ్లాసు తీసుకొచ్చి పక్కన నిలబడింది.

"నిన్న డాక్టరుతో నిజం చెప్పావట."

"ముందు అబద్ధం చెప్పాను."

"నేనూ చూశానే," అంది కళ్లజోడావిడ. గ్లాసులోకి చూస్తూ అంది. "పక్క బల్లే కదా. మాట ముద్దగా వస్తోందని విన్నా. చేయి చూశా. నువ్వు తిట్టి వెళ్లాక, మనకెందుకులే అనుకున్నా. నువ్వు పెట్టిన రూలు నాకు బాగా అడ్డం వచ్చింది. వంక దొరికిందన్నమాట."

ఇద్దరూ టీ తాగకుండానే గ్లాసులు కడిగి పెట్టారు.

పెద్దక్క వెళ్లి మేనేజరు గది తలుపు కొట్టింది. ఒంట్లో బాగా లేదని ఎవరు చెప్పినా ఆ బల్ల బెల్టు ఆపుతానని, ఆపినందుకు సీసాలు ఎన్ని పోయినా తననే అడగమని చెప్పింది. అతను ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి, తల ఊపాడు. దానితో గుండె బరువు ఏమాత్రం తగ్గలేదు. తగ్గుతుందని వెళ్లలేదు కూడా.

వారం తిరిగాక చిలకను మామూలు వార్డుకు మార్చారని తెలిసింది. ఆదివారం పెద్దక్క వెళ్లింది. వార్డు గుమ్మం దగ్గర ఆ చిన్న డాక్టరమ్మే ఎదురైంది. గుర్తుపట్టింది.

"మీరు ఆ రోజు లోపలికి రాకపోయి ఉంటే మందు ఎక్కించేసేవాళ్లం," అంది. మెచ్చుకోలులా లేదు, మందలింపులా లేదు.

"ఆ తలనొప్పే ఇంత పని చేసిందా అమ్మా?"

"తలనొప్పి చేసిందని చెప్పలేను. కానీ సంబంధం లేకపోలేదు. కళ్లముందు మెరుపు గీతలు వచ్చే రకం ఉంటుంది చూడండి, అది ఉన్నవాళ్లకి మిగతావాళ్లకంటే పక్షవాతం, గుండెజబ్బు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. కొంచెమే. చాలామందికి జీవితమంతా ఏమీ రాదు. దానికి తోడు బీపీ, పొగ లాంటివి ఉంటే ప్రమాదం పెరుగుతుంది. ఈ అమ్మాయి పిల్లలు పుట్టకుండా మాత్రలు కొనుక్కుని వేసుకుంటోంది. గీతల తలనొప్పి ఉన్నవాళ్లు ఆ రకం వేసుకోకూడదు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, తను ఎవరినీ అడగలేదు."

"గీతలు వచ్చినప్పుడు ఏది మామూలో, ఏది కాదో ఎలా తెలుస్తుంది?"

"మామూలువి మెల్లగా పాకుతాయి, గంటలోపే పోతాయి. చూపు ఒక్కసారిగా పోయినా, చేయి పడిపోయినా, మాట తేడా వచ్చినా, ఎప్పుడూ వచ్చేలా కాకుండా ఇంకోలా వచ్చినా, ఆలోచించకుండా రావాలి. ఆ తేడా రోగికే ముందు తెలుస్తుంది. తెలిసిన మాట మనం వినాలి." డాక్టరమ్మ ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

ఇంకోలా ఉంది పెద్దక్కా. సరిగ్గా ఆ మాటే అంది ఆ పిల్ల.

చిలక దిండ్లకు ఆనుకుని కూర్చుంది. జుట్టు రెండు జడలు వేసి ఉంది, కూతురు వేసిందట. ఎడమ చేయి దుప్పటి మీద ఉంది. మంచం పక్కన కుర్చీలో భర్త. పెద్దక్కను చూసి లేచాడు. పలకరించలేదు. తలుపు దగ్గరికి వెళ్లి వీపు తిప్పి నిలబడ్డాడు, వెళ్లిపోలేదు.

"రా పెద్దక్కా, కూర్చో," అంది చిలక. మాటలు కొంచెం నెమ్మదించాయి గానీ స్పష్టంగానే ఉన్నాయి. "ఈయన అలాగే ఉంటాడు. నాతో కూడా మాట్లాడట్లేదు, ఆ మాత్రలు ఆయనకి చెప్పకుండా వేసుకున్నానని."

పెద్దక్క కూర్చోలేదు.

"నా వల్లే అయింది," అంది. "నిన్ను బెదిరించి కూర్చోబెట్టాను. రూలు రూలు అని. నా భయానికే నువ్వు లేవలేదు."

చిలక విచిత్రంగా చూసింది.

"నీకు నేను భయపడటం ఏమిటి? నీకు భయపడితే అన్నేళ్లు నీ పక్కన అంత వాగేదాన్నా?"

"మరి ఎందుకు కూర్చున్నావే? లేచి వెళ్లిపోవాల్సింది. నా మొహాన కొట్టి వెళ్లిపోవాల్సింది."

"నువ్వు చెప్పావుగా, నీకూ అలాగే అయిందని. అరగంటలో పోతుందని." చిలక మామూలుగానే అంది, నిష్ఠూరం లేకుండా. "పెద్దక్కకి తెలియదా అనుకున్నా. ఇన్నేళ్లు నిన్ను చూస్తున్నా కదా. ఎంత నొప్పి వచ్చినా నువ్వు నిలబడే ఉంటావు. అరగంట అయింది, పోలేదు. ఇంకాసేపు అనుకున్నా. తర్వాత నాకేమీ తెలియలేదు. చేయి ఉందో లేదో కూడా."

తిట్టినందుకు, బెదిరించినందుకు ఏం జవాబు చెప్పాలో పెద్దక్క వారం రోజులుగా వెతుక్కుంది. నమ్మినందుకు ఏం చెప్పాలో ఆవిడకు తెలియలేదు. మంచం అంచున కూర్చుంది.

"నాకేమీ తెలియదే," అంది. "అన్నీ తెలిసినట్టు మాట్లాడాను గానీ నాకేమీ తెలియదు. గీతలు వచ్చిన ప్రతిసారీ నాకు భయమే. ఈసారి చూపు తిరిగి రాదేమోనని బాత్రూమ్‌లో గోడ పట్టుకుని నిలబడి ఏడ్చేదాన్ని. మొహం కడుక్కుని బయటికి వచ్చి మీ ముందు నిలబడేదాన్ని. ఒక్క డాక్టరుకీ చూపించుకోలేదు. ఏమంటారోనని భయం."

తలుపు దగ్గర వీపు తిప్పి నిలబడ్డ మనిషి మెల్లగా ఇటు తిరిగాడు.

"ఎన్నేళ్ల నుంచి?" అంది చిలక.

"నీ వయసు నుంచి."

"ఒక్కసారి కూడా చూపించుకోలేదా?"

పెద్దక్క తల అడ్డంగా ఊపింది.

చిలక మొహంలో మొదటిసారి కోపం కనిపించింది. ఆ కోపం తనకు జరిగిన దాని మీద కాదు. "ఇంత దాకా వచ్చి ఇక్కడ కూర్చుని ఏడవటానికి సిగ్గులేదా నీకు?" అంది. కుడిచేత్తో మంచం ఊచ మీద టకటక కొట్టింది. "సిస్టరమ్మా! ఓ సిస్టరమ్మా! ఇటు రండి. ఈవిడకి బీపీ చూడండి."

"నాకెందుకే, ఊరుకో. నేను నిన్ను చూడటానికి వచ్చాను."

"నువ్వు ఊరుకో."

నర్సు రెండు మంచాల అవతల నుంచి మెషీన్ తోసుకుంటూ వచ్చింది. చిలక భర్త కుర్చీ తెచ్చి పెద్దక్క వెనక వేశాడు. ఆవిడ మొహంలోకి చూడలేదు, కుర్చీ మాత్రం సరిగ్గా వేశాడు. పెద్దక్క కుర్చీలోకి మారింది. నర్సు జాకెట్టు చేయి పైకి జరిపి పట్టీ చుట్టి గాలి కొట్టింది. పట్టీ చేతిని బిగించి, బిగించి, మెల్లగా వదిలింది.

నర్సు అంకె చూసింది. పైకి చెప్పలేదు. పట్టీ విప్పి మళ్లీ చుట్టి ఇంకోసారి చూసింది. ఈసారి పెద్దక్క మొహంలోకి చూసింది.

"ఎవరితో వచ్చారమ్మా?"

పెద్దక్క నోటికి ఎప్పుడూ వచ్చే మాట వచ్చింది, ఏమీ లేదులే అని. చిలక తననే చూస్తోంది.

"ఒక్కదాన్నే వచ్చాను," అంది. "కళ్ల ముందు గీతలు వస్తాయి. ఇరవై ఏళ్ల పైనుంచి."

"ఆ చేయి కూడా ఇవ్వండి, చూద్దాం. తర్వాత డాక్టరుగారిని పిలుస్తాను. వెళ్లిపోకండి."

పెద్దక్క రెండో చేయి చాపింది.